పంపు మార్కర్లు వద్దన్న పెద్దలకు, స్ప్రింగు మార్చిన తమ్ముళ్ళకు

పోస్టు పొడుగ్గా ఉంటుంది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఈ విషయం మీదనే చేతులెత్తమంటారు. ఎత్తే ముందు మా మాట కూడా వినాలని కోరుకుంటా ఉన్నాం.

విషయం తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. ఉగాది అయినాక మన సంఘం వెళ్ళే ఔటింగులో పిల్లలు, కుర్రాళ్ళు పెయింట్‌బాల్ ఆడతారు కదా. ఆ ఆరు పంపు మార్కర్లు గ్రౌండువాళ్ళవి. వాటి రిపేరు, సర్వీసు నాలుగేళ్ళుగా మేం చూస్తా ఉన్నాం. మేం అంటే హోసూరు సిప్‌కాట్‌లో లేతు మీద, మిల్లింగు మీద, క్వాలిటీ రూములో పని చేసుకుని బతికే నలుగురం. మా పనికి బదులుగా గ్రౌండువాళ్ళు ఏడాదికి రెండు ఆదివారాలు మైదానం ఊరికే ఇస్తారు. బంతులకు, గ్యాసు గుళికలకు మాత్రం మనం డబ్బు పెట్టుకుంటాం. ఏ మార్కరూ గ్రౌండు గేటు దాటి మన ఇళ్ళకు రాదు. ఇదీ ఏర్పాటు.

పోయినసారి ఏం జరిగిందో అందరికీ తెలుసు. కానీ ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తా ఉన్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాం. పొద్దున ఆరు మార్కర్లనూ క్రోనోగ్రాఫు మీద పెట్టి బంతి వేగం కొలిచాం. ఆరూ సెకనుకు 270 అడుగుల లోపలే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర, మేం చూడకుండా, మనవాళ్ళ కుర్రాడొకడు ఒక మార్కరు విప్పి, తను కొని తెచ్చుకున్న గట్టి స్ప్రింగు లోపల పెట్టాడు. "పవర్ వస్తాది అన్నా, వీడియోలో చూసినా" అని తరువాత చెప్పాడు. మూడు గంటలప్పుడు ఆ మార్కరు బంతి పన్నెండేళ్ళ పిల్లవాడి ముంజేతికి తగిలింది. చెయ్యి కమిలి గుడ్డంత వాచింది. మాస్కు ముఖం మీదే ఉంది కాబట్టి సరిపోయింది. వెంటనే కొలిస్తే వేగం 340 చూపింది.

స్ప్రింగు మార్చింది ఆ కుర్రాడు. భోజనాల తరువాత మళ్ళీ కొలవనిది మేం. ఈ తప్పులో సగం మాది. పిల్లవాడి ఇంటికి పోయి వాళ్ళ అమ్మానాన్నలకు ఆ మాటే చెప్పి వచ్చాం. ఇక్కడ కూడా ఒప్పుకుంటా ఉన్నాం.

ఆ తరువాత కమిటీ చేసిన తీర్మానం చూడండి. పంపు మార్కర్లు వద్దు. రిపేరు పనిలో సంఘం సభ్యులెవరూ చెయ్యి పెట్టొద్దు. ఇక నుంచి ఒక ఈవెంటు కంపెనీ ప్యాకేజీ తీసుకుందాం, సెమీ ఆటోమేటిక్ మార్కర్లు వాళ్ళే తెస్తారు, మనకు తలనొప్పి ఉండదు. తీర్మానంలో ఇంకో మాట కూడా ఉంది. ఇలాంటి మెకానిక్ పనులు సంఘం ఆశయాల్లోకి రావట. ఆ మాట దగ్గరికి చివర్లో వస్తాం.

ముందు ఆట గురించి. "ఏందప్పా, పిల్లోళ్ళ చేతికి తుపాకీ ఇస్తారా?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దీన్ని మార్కరు అనడానికి కారణముంది. అమెరికాలో నెల్సన్ పెయింట్ కంపెనీ కోసం డైసీ కంపెనీ తయారుచేసిన నెల్‌స్పాట్ 007 అనే పరికరం అడవుల్లో కొట్టాల్సిన చెట్లకు, మందలో వేరుచేయాల్సిన పశువులకు రంగు గుర్తు పెట్టడానికి వచ్చింది. దాన్ని పట్టుకునే 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రం హెన్నికర్ ఊరి అడవిలో 12 మంది మొదటి ఆట ఆడారు. గెలిచిన రిచీ వైట్ ఒక్క బంతి కూడా కాల్చలేదు. చప్పుడు లేకుండా చెట్ల మధ్య తిరిగి జెండాలన్నీ తెచ్చుకున్నాడు. ఈ ఆట పుట్టుకలోనే ఉన్న సంగతి ఇది. ఎక్కువ కాల్చినవాడు గెలవలేదు.

మన తాతలు రాగి చేలల్లో మంచె మీద కూర్చుని వడిసెల తిప్పినవాళ్ళే. వడిసెల రాయి పిట్టను తోలగలదు, తలకాయ పగలగొట్టగలదు. అందుకని వడిసెల మానేశారా? ఎటు విసరాలో, ఎవరున్నప్పుడు విసరకూడదో పిల్లలకు నేర్పారు.

ఇక పంపు మార్కరుకు, సెమీకి తేడా. పంపు మార్కరులో ప్రతి బంతికీ చేత్తో పంపు వెనక్కి లాగి ముందుకు తొయ్యాలి. వెనక్కి లాగితే లోపలి స్ప్రింగు నొక్కుకుని, హ్యామరు ట్రిగ్గరు దగ్గరి కొక్కేనికి తగులుకుంటుంది. పైనుంచి ఒక బంతి కిందికి దిగుతుంది. ముందుకు తోస్తే బోల్టు ఆ బంతిని నెట్టి గొట్టాన్ని మూస్తుంది. ట్రిగ్గరు నొక్కితే కొక్కెం వదిలేస్తుంది, హ్యామరు పోయి వాల్వును కొడుతుంది, అరక్షణం గ్యాసు విడుదలై బంతి బయటికి పోతుంది. మళ్ళీ కాల్చాలంటే మళ్ళీ పంపు. మన మార్కర్లు పాత పద్ధతివి. గొట్టంలో 10 బంతులు, 12 గ్రాముల కార్బన్ డయాక్సైడు గుళిక ఒకటి. అంతే.

సెమీలో పంపు లేదు. పైన డబ్బాలో 200 బంతులు పడతాయి. వేలు ఎంత వేగంగా ఆడితే అన్ని బంతులు. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఒక దెబ్బ ఎక్కువ గట్టిగా తగిలిందని బాధపడి, వాడి మీద వరసగా పది బంతులు పడే ఏర్పాటు తెస్తున్నాం. ఇది భద్రత ఎలా అవుతుందో కమిటీవాళ్ళు చెప్పాలి. పైగా ప్యాకేజీలో బంతులు అయిపోతే మళ్ళీ కొనుక్కోవాలి. డబ్బున్నవాళ్ళ పిల్లవాడు కాలుస్తానే ఉంటాడు, ఆటో నడిపే మనవాడి కొడుకు ఖాళీ మార్కరు పట్టుకుని పొద వెనక కూర్చుంటాడు. పంపులో అందరికీ పదే. ఇప్పుడు మనం పెట్టే ఖర్చుకు ప్యాకేజీ మూడింతల పైనే. ఎన్ని ఇళ్ళవాళ్ళు "ఈసారి రాలేం అన్నా" అంటారో లెక్క వేశారా?

ఇప్పుడు తమ్ముళ్ళ వైపు తిరుగుతాం. కమిటీ మీద కోపం ఉన్నంత మాత్రాన మీ పక్షం అనుకోవద్దు.

మీ దృష్టిలో మార్కరును మార్చడం అంటే బలం పెంచడం. ఒక్క లెక్క చెప్తాం, చూడండి. బంతి బరువు సుమారు 3 గ్రాములు. చాలా మైదానాల్లో వేగానికి గరిష్ఠ హద్దు సెకనుకు 300 అడుగులు. ఆ వేగంలో బంతి మోసుకుపోయే శక్తి సుమారు 12.5 జూళ్ళు. అదే 350 అడుగులైతే 17 జూళ్ళు. వేగం పెరిగింది ఆరో వంతు. దెబ్బ పెరిగింది మూడో వంతుకు పైగా. మాస్కుల అద్దాలను కూడా ఆ హద్దును దృష్టిలో పెట్టుకునే చేస్తారు. ఇంత చేసి మీకు దక్కేదేంటి? బంతి జెలటిన్ తొక్కలో ఉన్న రంగు నీళ్ళ గుండ్రం. మరీ గట్టిగా తోస్తే గొట్టంలోనే పగులుతుంది. పగలకపోయినా తిన్నగా పోతుందన్న హామీ లేదు. గురి వేగంతో రాదు.

గురి ఎక్కడ వస్తుందో మేం నాలుగేళ్ళుగా చేతులు రంగు చేసుకుని తెలుసుకున్నాం. మొదటిది, బంతికి గొట్టానికి పొంతన. బంతి 0.68 అంగుళాలు, అంటే సుమారు 17.3 మిల్లీమీటర్లు అని డబ్బా మీద రాసినా, అన్ని బంతులూ అదే సైజులో ఉండవు. గాలిలో తేమకు ఉబ్బుతాయి. గొట్టం విప్పి బంతి వేస్తే దానంతట అదే జారి పడిపోకూడదు, నోటితో ఊదితే బయటికి రావాలి. జారిపోతే గ్యాసు పక్కలనుంచి వృథా అవుతుంది. ఇరుక్కుంటే పగులుతుంది. రెండోది శుభ్రం. లోపల ఒక్క బంతి పగిలి రంగు మిగిలినా తరువాతి బంతులన్నీ వంకర పోతాయి. అందుకే ఆట మధ్యలో గొట్టంలోంచి స్క్వీజీ లాగమని మీకు చెప్పి చెప్పి మా నోళ్ళు నొప్పి పుట్టాయి. మూడోది, పంపు పూర్తిగా లాగడం. సగంలో ఆపి తోస్తే హ్యామరు తగులుకోదు, ఇంకో బంతి దిగి రెండూ నలుగుతాయి. బంతిని ఆపే చిన్న అడ్డు అరిగిపోయినా అదే గతి. ఆ అడ్డు ఖరీదు ఒక టీ ఖర్చంత కూడా కాదు. మీరు కొన్న స్ప్రింగు డబ్బుతో ఆరింటికీ వేయొచ్చు.

మార్చాలని ఉంటే మార్చండి, మాకూ ఇష్టమే. స్నైపర్ అనే పంపు మార్కరుకు బడ్ ఆర్ గాలితో నడిచే చిన్న సిలిండరు, వాల్వు, రెగ్యులేటరు తగిలించి, చెయ్యి చేసే పంపు పనిని అదే చేసుకునేలా చేశారు. ఆటోకాకర్ అలా వచ్చింది. అది మార్చడం అంటే. ప్రతి భాగం ఏ క్షణంలో కదలాలో లెక్క ఉంటేనే అది పని చేస్తుంది, లేకపోతే బంతులు నలుగుతాయి. లెక్క లేకుండా స్క్రూ తిప్పడాన్ని మన షాపు ఫ్లోరులో ఎవరైనా మాడిఫికేషన్ అంటారా? డ్రాయింగులో 20 మైక్రాన్ల హద్దు ఉంటే 25 పోయిన పీసును మన చేతులతోనే ఎర్ర డబ్బాలో వేస్తాం. మైక్రోమీటరు చూడకుండా "బాగానే ఉంది సార్" అంటే ఆ పూటే ఇంటికి పంపుతారు. ఆరు రోజులు కొలిచే చేతులు ఆదివారం కొలవకుండా పిల్లల మీదికి గురి పెడతాయా?

మా తప్పు దగ్గరికి మళ్ళీ వస్తాం. పొద్దున కొలిచాం కదా అన్న ధీమా ఎందుకు తప్పో ఇప్పుడు బాగా అర్థమైంది. గుళికలో ద్రవంగా ఉన్న కార్బన్ డయాక్సైడు ఒత్తిడి ఎండను బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్, 30 డిగ్రీల దగ్గర సుమారు 72 బార్. మన మార్కర్లకు రెగ్యులేటరు లేదు, ఆ ఒత్తిడి నేరుగా వాల్వుకు వస్తుంది. అంటే ఎవరూ చెయ్యి పెట్టకపోయినా, పొద్దున ఏడింటికి 270 చూపిన మార్కరు మధ్యాహ్నం ఎండలో ఇంకా ఎక్కువ చూపగలదు. వరసగా కాలిస్తే గుళిక చల్లబడి తగ్గుతుంది కూడా. కాబట్టి పొద్దున కొలత పొద్దుటికే. ఈ సంగతి తెలిసి కూడా మేం భోజనాల తరువాత కొలవలేదు. గట్టి స్ప్రింగు ఉన్నా లేకున్నా అది తప్పే.

"మీరు రిపేరు చేశారు కాబట్టే కదా ఇదంతా" అనేవాళ్ళకు ఒక మాట. రిపేరు ఆపేస్తే వస్తువు సురక్షితం కాదు, దాని గురించి తెలిసినవాడు లేకుండా పోతాడు అంతే. గ్యాసుకు నల్లటి మామూలు ఓరింగులు ఉబ్బుతాయని, పాలీయురిథేన్‌వి నిలుస్తాయని తెలుసుకుని మార్చింది మేం. గొట్టంలోంచి సన్నగా గాలి కారుతుంటే వాల్వు కప్ సీలు పోయిందని, గుళిక మూత దగ్గర కారుతుంటే అక్కడి సీలు పోయిందని సబ్బు నీళ్ళ బుడగలతో కనిపెట్టింది మేం. కనిపించిన స్ప్రే నూనె అల్లా కొట్టకుండా, సీళ్ళకు పడే నూనె రెండు చుక్కలే వేసింది మేం. విప్పే ముందు గుళిక నెమ్మదిగా వదులు చేసి గ్యాసు పూర్తిగా పోయాకే స్క్రూ ముట్టుకున్నాం. ట్రిగ్గరు నొక్కి పట్టుకుని పంపు ఆడిస్తే ప్రతిసారీ పేలే ఆటో ట్రిగ్గరు పెట్టమని ఎంతమంది అడిగినా పెట్టలేదు. ప్యాకేజీ కంపెనీ మార్కర్ల లోపల ఏముందో, వాటిని చివరిసారి ఎప్పుడు విప్పారో, ఏ వేగంలో పెట్టారో మనలో ఎవరికి తెలుస్తుంది? అడిగే హక్కయినా మనకుంటుందా?

ఇక ఆశయాల మాట. మన సంఘం బోర్డు మీద ఏముంది? భాష, సంస్కృతి. బాగుంది. 2006 చట్టం తరువాత ఇక్కడి బడుల్లో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. తమిళం మా పిల్లలకు అక్కరకొచ్చే భాషే, దాని మీద మాకు గొడవ లేదు. కానీ తెలుగు ఇంట్లో వంటగదికే మిగిలిపోతా ఉందని ప్రతి ఉగాదికీ వేదిక మీద మీరే బాధపడతారు. ఒక ఆదివారం మా బెంచి దగ్గరికి వచ్చి చూడండి. ఎనిమిదో తరగతి పిల్ల "అన్నా, ఇది మర తప్పింది, వదులు చేసి మళ్ళీ ఎక్కించాలా?" అని అడుగుతుంది. ఇంకొకడు "బిగువు ఎక్కువైంది, సందు చాలదు" అంటాడు. మర, బిగువు, సందు, వదులు, అరుగుదల, వాటం. ఈ మాటలు ఏ పద్యం పోటీలో నేర్పారు? మా తండ్రులు షెడ్డుల్లో వాడిన మాటలు ఇవి. వాళ్ళు చేతిపని చేసి పంపిన చందాలతోనే సంఘం భవనం లేచింది. ఆ చేతిపని ఇప్పుడు ఆశయాల్లోకి రాదంటే, మమ్మల్ని చందా పుస్తకంలో మాత్రం ఎందుకు ఉంచారు?

కోపంగా రాశాం అనుకుంటే అనుకోండి. కానీ ఊరికే వద్దని పోవడానికి రాలేదు. ఆదివారం ఈ ఐదు షరతులు మేమే ముందు పెడతాం.

ఒకటి, ప్రతి మార్కరు పొద్దున, భోజనాల తరువాత, ఇంకా గుళిక మార్చిన ప్రతిసారీ క్రోనోగ్రాఫు మీదికి రావాలి. పిల్లలున్న ఆటలో హద్దు 250 అడుగులు. ఒక్క అడుగు ఎక్కువ చూపినా ఆ మార్కరు పక్కకు.

రెండు, కొలిచాక వేగం స్క్రూ మీద, మూతల మీద రంగు గీత పెట్టి సీలు వేస్తాం. గీత చెదిరితే ఎవరు విప్పారని అడగం, నేరుగా పక్కన పెడతాం.

మూడు, మాస్కు తీసినవాడు మైదానం బయటే ఉండాలి. ఆటలో లేని ప్రతి మార్కరు మూతికి కవరు తొడగాలి. కళ్ళజోడు, హెల్మెటు అద్దం మాస్కుకు బదులు కావు.

నాలుగు, ఏ భాగం మార్చినా ఒక నోటు పుస్తకంలో తేదీ, మార్చింది ఎవరు, ముందు వేగం ఎంత, తరువాత ఎంత అని రాయాలి. కమిటీలో ఎవరైనా ఎప్పుడైనా తెరిచి చూడొచ్చు.

ఐదు, స్ప్రింగు మార్చిన తమ్ముణ్ణి వెలేయొద్దు. వచ్చే ఔటింగులో వాడు ఆడడు. క్రోనోగ్రాఫు దగ్గర నిలబడి ప్రతి మార్కరు కొలిచి పుస్తకంలో రాస్తాడు. వాడే ఒప్పుకున్నాడు.

దెబ్బ తగిలిన పిల్లవాడు మొన్న మా బెంచి దగ్గరికి వచ్చాడు. వాళ్ళ నాన్నే తీసుకొచ్చారు. ఆ మార్కరునే విప్పి చూపించమన్నాడు. పాత స్ప్రింగు, ఆ గట్టి స్ప్రింగు రెండూ వాడి చేతిలో పెట్టాం. ఒకదాని తరువాత ఒకటి వేళ్ళతో నొక్కి చూసి, "ఇది పిల్లోళ్ళకు వద్దన్నా" అని గట్టిదాన్ని పక్కన పెట్టాడు. కమిటీ తీర్మానం రెండు పేజీలు రాసింది, మేం ఇంత పొడుగు పోస్టు రాశాం. వాడికి రెండు స్ప్రింగులు చాలాయి.

ఆదివారం పదింటికి సంఘం హాలులో. ఆ రెండు స్ప్రింగులు, క్రోనోగ్రాఫు మేం తెస్తాం. చేతులెత్తే ముందు ఒక్కసారి నొక్కి చూడండి.